పెద్దవాళ్లు రాత్రి నిద్రలోనే ఎందుకు పోతారు? ఇంట్లో ఏం చూసుకోవాలి, ఎలా చూసుకోవాలి

“రాత్రి బాగానే పడుకున్నారు, పొద్దున్నే పిలిస్తే పలకలేదు.” ఈ మాట చెవిన పడ్డప్పుడల్లా, ఇంట్లో డెబ్భై దాటిన అమ్మో నాన్నో ఉన్నవాళ్ల గుండె ఒక్కసారి జారుతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్నలు రెండు: అలా ఎందుకు జరుగుతుంది, మన చేతిలో ఏమైనా ఉందా? ఎంతోమంది ఇదే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి, మొదటిదానికి క్లుప్తంగా, రెండోదానికి వివరంగా జవాబు చెబుతాను.

పెద్ద వయసులో ప్రాణం తీసేవి ప్రధానంగా గుండె, మెదడు, ఊపిరితిత్తుల జబ్బులు. అవి పగలైనా రాత్రైనా రావచ్చు. రోజులో మూడో వంతు మంచం మీదే గడుస్తుంది కాబట్టి మరణాల్లో కొన్ని ఎలాగూ ఆ గంటల్లోనే పడతాయి. అసలు తేడా ఏమిటంటే, పగలు ఆయాసం వస్తే ఎవరో ఒకరి కంట పడుతుంది. రాత్రి రెండు గంటలకు వస్తే ఎవరికీ తెలియదు. నిద్రలోనే పోయారన్నది కూడా చాలాసార్లు మన ఊహే. మెలకువ వచ్చి, లేవబోయి, పిలిచే ఓపిక లేక ఆగిపోయినవారు కూడా తెల్లవారాక అలాగే పడుకుని కనిపిస్తారు.

నిద్ర వల్ల ప్రత్యేకంగా పెరిగే ముప్పులూ ఉన్నాయి. పడుకోగానే కాళ్లలో చేరిన నీరు రక్తంలోకి తిరిగి వచ్చి, బలహీనమైన గుండె మీద భారం వేస్తుంది. గొంతు కండరాలు సడలి, గురక పెట్టేవారిలో కొందరికి ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది. దగ్గి బయటికి తోసే శక్తి తగ్గి, నోటిలోని ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. తెల్లవారుజాము నుంచి బీపీ, నాడి వేగం పెరగడం మొదలవుతాయి. అందుకే గుండెపోట్లు, ఆకస్మిక గుండె మరణాలు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం లోపు ఎక్కువ. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు, అంటే స్లీప్ ఆప్నియా, ఉన్నవారిలో మాత్రం ఆకస్మిక గుండె మరణాలు అర్ధరాత్రి నుంచి ఉదయం 6 మధ్య ఎక్కువగా ఉన్నాయని 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. సిద్ధాంతం ఇంతటితో చాలు, పనిలోకి వద్దాం.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

– పై చేతికి కట్టే బీపీ మిషన్. మణికట్టుకు కట్టేది తప్పు చూపే అవకాశం ఎక్కువ.
– బరువు చూసే యంత్రం.
– పల్స్ ఆక్సీమీటర్, అంటే వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే పరికరం.
– షుగర్ మందులు వాడుతుంటే గ్లూకోమీటర్, గడువు దాటని స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి.
– రెండు మూడు నైట్ బల్బులు.
– మంచం దగ్గర నొక్కితే మీ గదిలో మోగే కాలింగ్ బెల్లు.
– ఒక నోటు పుస్తకం, దానికే కట్టిన పెన్ను.

అన్నీ ఒకేసారి కొనలేకపోతే పుస్తకం, బెల్లు, నైట్ బల్బులతో మొదలుపెట్టండి. ఆక్సీమీటర్‌ను నేను ఈ మొదట కొనవలసినవాటిలో పెట్టలేదు. చల్లబడ్డ వేళ్ల మీద, గోళ్ల రంగు మీద అది తప్పు అంకె చూపుతుంది. చర్మం నల్లగా ఉన్నవారిలో ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపవచ్చు. అంకె బాగుందని మనిషి ఆయాసపడుతున్నా ఊరుకోవడం కంటే, అది లేకపోవడమే మేలు.

1. మందులన్నీ బల్ల మీద పరవండి

అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఈ మెట్టులోనే ఉంటుంది, అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. డాక్టరు చీటీ చూసి రాసుకోవడం సరిపోదు. దిండు కింద ఉన్నవి, సంచిలో ఉన్నవి, పక్కింటివాళ్లు బాగా పనిచేసిందని ఇచ్చినవి, జలుబుకు కొన్న సిరప్పు, నిరుటి నుంచి మిగిలిపోయిన మాత్రలు అన్నీ బయటికి తీయండి. ఒక్కొక్క దాని మీద కంపెనీ పేరు కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదివి, అది ఏ వేళ వేసుకుంటున్నారో రాయండి. ఇద్దరు డాక్టర్లు రెండు వేర్వేరు పేర్లతో ఒకే మందు రాయడం, ఇంట్లో రెండూ వేసుకుంటూ ఉండటం మీరనుకునేంత అరుదు కాదు.

ఇప్పుడు ఈ రకాల మందుల పక్కన గుర్తు పెట్టండి:

నిద్రమాత్రలు, ఆందోళన తగ్గించే మాత్రలు. డయాజెపామ్, లోరాజెపామ్, ఆల్ప్రజోలామ్, జోల్పిడెమ్ వంటివి. పెద్దవాళ్లకు వీలైనంత వరకు వద్దని అమెరికాలో వృద్ధుల వైద్యుల సంఘమైన అమెరికన్ జీరియాట్రిక్స్ సొసైటీ ప్రచురించే బీర్స్ జాబితా చెబుతుంది. ఇవి మగతను, తూలుడును పెంచుతాయి. మార్ఫిన్ వంటి ఓపియాయిడ్ రకం నొప్పి మందులు, మద్యం వీటితో కలిస్తే ఊపిరి వేగమే పడిపోవచ్చు.

జలుబు, దురద మందులు. క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ ఉన్నవి. చీటీ లేకుండానే దొరుకుతాయి కాబట్టి తేలికపాటివని అనుకుంటాం. పెద్దవాళ్లలో ఇవి మాట తడబాటుకు, రాత్రి కలవరానికి, మూత్రం రాక ఆగిపోవడానికి దారితీస్తాయి.

ప్రోస్టేట్ మాత్రలు, మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు. టామ్సులోసిన్ వంటివి లేచి నిలబడగానే బీపీ పడేలా చేయగలవు. మూత్రం పోయించే మాత్ర సాయంత్రం పడితే రాత్రంతా మంచం దిగి ఎక్కడమే.

ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్. వీటి సంగతి 5వ మెట్టులో చూద్దాం.

ఆ జాబితా పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి మూడు ప్రశ్నలు అడగండి: ఇందులో ఆపగలిగినది ఉందా, తగ్గించగలిగినది ఉందా, వేళ మార్చవలసినది ఉందా?

హెచ్చరిక: ఇది చదివి ఈ రాత్రే నిద్రమాత్ర ఆపేయకండి. నెలల తరబడి వాడినవారు ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు సైతం రావచ్చు; వారాల మీద, కొద్దికొద్దిగా డాక్టరు చెప్పినట్టే తగ్గించాలి. గుండె మందులూ అంతే.

బీపీ మాత్ర రాత్రి వేసుకుంటే గుండెపోటు రాదట కదా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న ‘టైమ్’ అనే అధ్యయనం ఫలితాలు 2022లో వచ్చాయి. గుండెపోటు, పక్షవాతం, మరణాల విషయంలో ఉదయం వేసుకున్నవారికీ సాయంత్రం వేసుకున్నవారికీ తేడా కనిపించలేదు. మరిచిపోకుండా వేసుకోగలిగే వేళే మంచి వేళ. రాత్రి లేచినప్పుడు తూలేవారైతే సొంతంగా రాత్రికి మార్చనేవద్దు.

2. రెండు మూడు రాత్రులు నిద్రను గమనించండి

రాత్రంతా మేలుకోనక్కర్లేదు. నిద్ర పట్టిన గంట తర్వాత ఒకసారి, తెల్లవారుజామున 3, 5 గంటల మధ్య ఒకసారి చాలు. కలలొచ్చే నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ, ఊపిరి ఆగే ఇబ్బంది అప్పుడే ముదురుతుంది. అర్ధరాత్రి చూసి అంతా బాగుందని తేల్చేసేవారికి అసలు సంగతి అందకుండా పోతుంది.

ఛాతీ మీద చెయ్యి పెట్టకండి, మెలకువ వచ్చి ఊపిరి తీరు మారిపోతుంది. మంచానికి పక్కగా నిలబడి దుప్పటి అంచును చూడండి. అది ఒకసారి లేచి దిగితే ఒకటి. గడియారం పెట్టుకుని నిండు నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించడం ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆగి ఆగి ఆడే ఊపిరి ఆ పావు నిమిషంలో దొరక్కపోవచ్చు.

12 నుంచి 20 మధ్య ఉంటే సాధారణం. 21 నుంచి 24 అయితే పుస్తకంలో రాసి, తెల్లవారాక మళ్లీ చూసి, తగ్గకపోతే డాక్టరుకు చెప్పండి. కదలకుండా పడుకున్న మనిషికి 25, ఆపైన ఉంటే తెల్లవారే దాకా ఆగకుండా అప్పుడే డాక్టరుకు ఫోను చేయండి. మందుల మగతలో ఉన్నవారికి 8, 9కి పడిపోవడం కూడా అంతే ప్రమాదం. లేపి చూడండి, లేవకపోతే అంబులెన్స్ పిలవండి.

లెక్కతో పాటు చెవి పెట్టండి. పెద్ద గురక, దాని తర్వాత నిశ్శబ్దం, ఆ నిశ్శబ్దంలో పొట్ట కదులుతున్నా గాలి ఆడకపోవడం, ఆ తర్వాత గుటకపడ్డట్టు ఒక్క ఎగశ్వాస, మళ్లీ గురక. ఈ వరుస కనిపించి, నిశ్శబ్దం 10 సెకన్లు దాటుతూ ఉంటే స్లీప్ ఆప్నియా అనుమానించాలి. ఫోనులో పది నిమిషాల వీడియో తీయండి. “గురక పెడతారు” అన్న మీ మాట కంటే ఆ వీడియో డాక్టరుకు ఎంతో ఎక్కువ చెబుతుంది. నిద్ర పరీక్ష చేసి, అవసరమైతే సీపాప్ యంత్రం (మాస్కు ద్వారా గాలి ఒత్తిడి పంపి గొంతు మూసుకోకుండా చూసేది) రాస్తారు. ఆ లోగా వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోబెట్టండి, వీపు వెనక నిలువు దిండు పెడితే దొర్లరు.

మరో తీరు ఉంది: ఊపిరి మెల్లగా మొదలై, లోతు పెరిగి పెరిగి, మళ్లీ తగ్గి, కాసేపు ఆగి, తిరిగి మొదలవడం. ఇది గుండె బలహీనపడ్డవారిలో, పక్షవాతం వచ్చినవారిలో కనిపిస్తుంది. కొత్తగా కనిపిస్తే గుండె డాక్టరుకు వీడియో చూపండి.

3. దిండ్లు లెక్కపెట్టండి, బరువు చూడండి

గుండె నీరసిస్తోందని ఇంట్లో తెలుసుకోవడానికి దిండ్ల లెక్కను మించిన కొలత లేదు. నిరుడు ఒక దిండుతో పడుకున్నవారు ఇప్పుడు మూడు పెట్టుకుంటున్నారా? పడుకున్న గంట రెండు గంటలకు ఉక్కిరిబిక్కిరై లేచి, కాళ్లు కిందికి వేలాడేసి, కిటికీ దగ్గర కూర్చుంటున్నారా? “గాలి ఆడక కూర్చున్నాను, ఏం లేదులే” అని వాళ్లు తేలిగ్గా తీసేస్తారు. మీరు తీసేయకండి.

బరువు రోజూ ఒకే వేళ చూడాలి: ఉదయం మూత్ర విసర్జన అయ్యాక, ఏమీ తినకముందు, అదే రకం బట్టలతో. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. చీలమండ పైన బొటనవేలితో నొక్కి పట్టి తీయండి. గుంట పడి అలాగే ఉంటే వాపు ఉన్నట్టే. ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఈ దశలో మందు మోతాదు సర్దితే సరిపోయేది, వారం ఆగితే అర్ధరాత్రి అంబులెన్స్ దాకా వెళ్తుంది.

4. భోజనం, పళ్లు, తల ఎత్తు

రాత్రి భోజనానికీ పడకకీ మధ్య రెండు మూడు గంటల ఎడం ఉంచండి. తినేటప్పుడు నిటారుగా కూర్చోవాలి. మంచం మీద వాలి తినిపిస్తే పొలమారుతుంది. నీళ్లు తాగిన ప్రతిసారీ దగ్గు, తిన్నాక గొంతు గరగర, కారణం తెలియకుండా వచ్చిపోయే జ్వరం ఉంటే ఆహారం దారి తప్పుతోందని అనుమానించి, మింగడం పరీక్షించమని డాక్టరును అడగండి. గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేవారికి తల వైపు కనీసం 30 డిగ్రీలు ఎత్తుండాలి. దిండ్లు పేర్చడం కంటే మంచం తల వైపు కోళ్ల కింద గట్టి దిమ్మలు పెట్టడం మేలు, దిండ్ల మీద మెడ మాత్రమే వంగి ఊపిరి ఇంకా ఇబ్బంది అవుతుంది.

కట్టుడు పళ్లు తీసి, కడిగి, నీళ్లలో వేసి పడుకోవాలి. 85 దాటిన వృద్ధుల మీద జపాన్‌లో జరిగిన అధ్యయనంలో, కట్టుడు పళ్లతోనే నిద్రపోయేవారికి న్యుమోనియా ముప్పు దాదాపు రెట్టింపుగా కనిపించింది. పళ్లు లేనివారికి కూడా నాలుక, చిగుళ్లు తుడవాలి.

5. షుగర్ ఉన్నవారికి పడుకునే ముందు ఒక చుక్క

ఇన్సులిన్, లేదా పైన పేర్లు చెప్పిన మాత్రలు వాడేవారికి రాత్రి షుగర్ పెరగడం కంటే పడిపోవడమే ఎక్కువ భయపడవలసిన విషయం. 70 కంటే తగ్గితే తక్కువ, 54 కంటే తగ్గితే ప్రమాదం. నిద్రలో వాళ్లకు తెలియదు. మీకు తెలిసే గుర్తులు ఇవి: చెమటతో తడిసిన దిండు, పీడకలలు, పొద్దున లేవగానే తలనొప్పి, అర్థం లేని మాటలు. బీటా బ్లాకర్ రకం గుండె మాత్రలు వాడేవారికి గుండెదడ, వణుకు తెలియకపోవచ్చు, చెమట మాత్రం పడుతుంది. అందుకే చెమటను వదలకండి.

పడుకునే ముందు పరీక్ష చేయండి. జబ్బులు ముదిరి బలహీనపడ్డ వృద్ధులకు ఆ వేళ 110 నుంచి 200 మధ్య ఉండవచ్చని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ సూచనలు చెబుతాయి. ముప్పై ఏళ్లవాడి అంకెలు ఎనభై ఏళ్లవారి మీద రుద్దడం ఇళ్లలో తరచూ జరిగే అన్యాయం. మీవారికి ఎంత ఉండాలో డాక్టరు చేత పుస్తకంలో రాయించుకోండి. భోజనం సరిగా చేయని రాత్రి మందు వేయాలా, తగ్గించాలా, మానాలా అన్నది కూడా ముందే అడిగి రాసుకోండి. ఆ ప్రశ్న రాత్రి తొమ్మిదింటికే వస్తుంది, అప్పుడు డాక్టరు దొరకరు.

షుగర్ పడితే: మెలకువగా ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ అంతే ఇవ్వండి. దాటాక ఏదైనా కొంచెం తినిపించండి. స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్ పిలవండి.

6. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా

రాత్రి ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఈ పది అడుగుల్లోనే. తుంటి ఎముక విరిగితే, దాని వెనకే మంచాన పడటం, న్యుమోనియా, రక్తం గడ్డలు వస్తాయి.

మొదట ఒక పరీక్ష. 5 నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి. నిలబెట్టి 1 నిమిషానికి, 3 నిమిషాలకు మళ్లీ చూడండి. పై అంకె 20, లేదా కింది అంకె 10 పడిందంటే రాత్రి లేచినప్పుడు కళ్లు తిరిగే ముప్పు ఉన్నట్టే. మీరు ఒంటరిగా ఉంటే నిలబెట్టి కాక, కూర్చోబెట్టి చూడండి. పరీక్షలోనే పడిపోతే ఏం లాభం?

ఆ తర్వాత లేచే పద్ధతి నేర్పండి: ముందు కూర్చోవాలి, కాళ్లు కిందికి వేసి ఒకటి రెండు నిమిషాలు మడమలు పైకీ కిందికీ ఆడించాలి, ఏదైనా పట్టుకుని నిలబడాలి, పది అంకెలు లెక్కపెట్టి అప్పుడు నడవాలి. మగవారు రాత్రి కూర్చునే మూత్రం పోయాలి. నిలబడి పోస్తుండగా సొమ్మసిల్లడం డాక్టర్లకు బాగా తెలిసిన సంగతి. మొదటి రోజు ఒప్పుకోరు. మనవడు చెబితే వింటారేమో చూడండి.

దారిలో పట్టా అంచులు, తీగలు, చెప్పులు తీసేయండి. నైట్ బల్బు కంటి ఎత్తున కాకుండా మోకాలి కింద పెడితే నేల కనబడుతుంది. బాత్‌రూమ్ గడియ బయటి నుంచి తీయగలిగేదిగా మార్పించండి. నడక బాగా తూలేవారికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ గానీ, యూరిన్ డబ్బా గానీ పెట్టండి. మలబద్ధకం ఉంటే దానికి మందు అడగండి, ముక్కడం వల్ల బీపీ ఒక్కసారిగా ఎక్కి దిగుతుంది.

కాళ్ల వాపు ఉండి రాత్రి పదేపదే లేచేవారిని మధ్యాహ్నం గంటసేపు కాళ్లు ఎత్తున పెట్టి పడుకోబెట్టండి. ఆ నీరు పడుకునే వేళకు ముందే బయటికి పోతుంది. పడుకునే ముందు రెండు గంటలు నీళ్లు తగ్గించవచ్చు. రోజంతా తగ్గించకూడదు, ఒంట్లో నీరు తగ్గితే బీపీ ఇంకా పడుతుంది.

మంచానికి అడ్డుకమ్మీలు బిగించాలా? మతి తప్పుతున్నవారికి వద్దంటాను. వాటి మధ్య తలో ఛాతీయో ఇరుక్కుని పోయినవారున్నారు, దాటబోయి ఇంకా ఎత్తు నుంచి పడ్డవారున్నారు. బదులుగా మంచం ఎత్తు తగ్గించి, పక్కన నేల మీద పరుపు వేయండి.

7. గది

చలికాలంలో గది 18 డిగ్రీల కంటే చల్లబడకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒంటి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే అది ప్రాణాపాయం, ముసలివాళ్లలో వణుకు లేకుండానే తగ్గవచ్చు. దుప్పటి కింద చెయ్యి పెట్టి పొట్టను తాకండి. కాళ్లు చేతులు చల్లబడటం మామూలే, పొట్ట చల్లబడితే మామూలు కాదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి, జనరేటర్ ఎప్పుడూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. అది నిజంగానే నిద్రలో చంపుతుంది, ఒక్కొక్కసారి గదిలో ఉన్న అందరినీ.

ఎండాకాలం గది 40 డిగ్రీలు దాటితే ఫ్యాను ఒంటిని చల్లబరచదు, వేడిగాలిని ఒంటి మీదికి తోస్తుంది. తడిబట్టతో ఒళ్లు తుడవండి, నీళ్లు తాగించండి, చల్లటి గదిలోకి మార్చండి.

8. పిలిచే దారి

బెల్లు మంచం తలాపున గోడకు కొట్టకండి. పడుకున్న మనిషి చేతికి, చూడకుండా అందాలి. మరొకటి బాత్‌రూమ్ నేల నుంచి అందేలా కింద పెట్టండి. తర్వాత పరీక్షించండి: రాత్రి మీ గది తలుపు మూసి, ఫ్యాను వేసుకుని పడుకున్నాక నొక్కమనండి. వినబడకపోతే అది అలంకారమే.

ఒంటరిగా ఉండేవారికి ఉదయం నిర్ణీత వేళకు ఫోను పెట్టుకోండి. రెండుసార్లు ఎత్తకపోతే తాళంచెవి ఉన్న పొరుగువారు వెళ్లి చూడాలి. తాళంచెవి ఇవ్వకుండా పెట్టుకున్న ఏర్పాటు సగం ఏర్పాటే.

9. రాత్రి ఏదైనా తేడా కనిపిస్తే

పెద్దవాళ్లలో, షుగర్ ఉన్నవారిలో గుండెపోటుకు ఛాతీనొప్పి ఉండకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లని చెమట, వాంతి, కొత్తగా మొదలైన గందరగోళం ఉంటే గ్యాస్ అని సరిపెట్టకుండా అంబులెన్స్ పిలవండి.

మూతి వంకర, చెయ్యి వాలిపోవడం, మాట ముద్దగా రావడం పక్షవాతపు గుర్తులు. ఇక్కడ రాయవలసిన అతి ముఖ్యమైన అంకె, ఆ మనిషిని చివరిసారి బాగా ఉండగా చూసిన వేళ. లేచిన వేళ చెబితే చాలదు. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా ఆ వేళ నుంచి నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. కొందరికి గడ్డను గొట్టం ద్వారా తీసే చికిత్స 24 గంటల దాకా వీలవుతుంది, కాబట్టి ఆలస్యమైందని ఇంట్లోనే ఉండిపోకండి.

పిలిస్తే పలకక, ఊపిరి లేకపోతే, లేదా చేప నోరు తెరిచినట్టు ఎప్పుడో ఒకసారి ఎగశ్వాస మాత్రమే ఉంటే గుండె ఆగినట్టే లెక్క. అది ఊపిరి కాదు. స్పీకరులో అంబులెన్స్‌కు ఫోను పెట్టి, మెత్తని పరుపు మీంచి నేల మీదికి దింపి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిపై ఒకటి వేసి, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం దగ్గరలో ఉంటే తెప్పించండి.

ఒళ్లు చల్లబడి, దవడ బిగిసి, కింది వైపు చర్మం ఊదారంగుకు మారి ఉంటే ప్రాణం పోయి గంటలైనట్టు. అప్పుడు నొక్కనక్కర్లేదు, ధ్రువీకరణకు డాక్టరును పిలవండి. పడ్డ గుర్తులు, గాయాలు, ఖాళీ మందు పట్టీలు ఉంటే వారు వచ్చే దాకా ఏదీ కదపకండి. “నేను పక్కన ఉండుంటే” అన్న బాధ వస్తుంది. గుండె లయ తప్పి ఆగిన మరణాలు నిమిషాల్లో ముగుస్తాయి. పక్క మంచం మీద ఉన్నవారికీ తెలియకుండా జరిగేవి వాటిలో చాలా ఉన్నాయి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

రాత్రి సరిగా పడుకోవడం లేదని నిద్రమాత్ర అడగడం. ఆయాసమో, నొప్పో, మూత్రమో లేపుతుంటే మాత్ర వేసి ఆ హెచ్చరికను నోరు మూయించినట్టవుతుంది.

ఇంట్లో ఆక్సిజన్ యంత్రం ఉంటే ఆక్సీమీటర్ అంకె తగ్గిందని సొంతంగా ఆక్సిజన్ పెంచడం. దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, అంటే సీఓపీడీ, ఉన్నవారిలో చాలామందికి డాక్టర్లు కోరుకునేది 88 నుంచి 92 మాత్రమే. 98 తెప్పించాలని పెంచితే బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగతలోకి జారవచ్చు.

రాత్రి గంటకోసారి తట్టి లేపడం. భయం అర్థమవుతుంది, కానీ నిద్ర లేక వాళ్లూ మీరూ నీరసించడం తప్ప ఫలితం ఉండదు. 2వ మెట్టులో చెప్పిన గమనింపు రెండు మూడు రాత్రులకే. ఆ తర్వాత కొత్త లక్షణం వస్తేనే.

పగటి మార్పును వదిలేసి రాత్రి మీదే కన్నేయడం కూడా పొరపాటే. రాత్రి జరిగేదానికి పగలే ఆనవాళ్లు ఉంటాయి: మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం, రెండు రోజుల్లో వచ్చిన మతిమరుపు, తిండి తగ్గడం, కొత్తగా ఒకసారి పడటం. వీటిలో ఒకటి కనిపించిన రోజే డాక్టరుకు చెప్పండి.

చివరి దశలో ఉన్నవారి సంగతి వేరు

నయం కాని జబ్బు చివరికి వచ్చి, ఇంట్లోనే ప్రశాంతంగా ఉంచాలని నిర్ణయించుకున్నవారికి పై మెట్లలో చాలావాటితో పని లేదు. గొంతులో గరగర, ఊపిరి మధ్య పొడవైన ఎడాలు, పాదాలు మచ్చలు మచ్చలుగా చల్లబడటం ఆ రోజుల్లో వచ్చేవే. నోరు తడిగుడ్డతో తడపడం, పక్కకు తిప్పడం, నొప్పి మందు వేళకు ఇవ్వడం చాలు. అయితే గుండె నొక్కాలా వద్దా, ఆసుపత్రికి తీసుకెళ్లాలా వద్దా అన్నది ఆ మనిషికి మాట్లాడే ఓపిక ఉండగానే అడిగి, డాక్టరుకు చెప్పి, రాసి ఉంచండి. లేకపోతే అర్ధరాత్రి ముగ్గురు బిడ్డలు మూడు దారుల్లో లాగుతారు.

పని జరుగుతోందో లేదో ఎలా తెలుస్తుంది?

నెల తర్వాత పుస్తకం తెరిచి మొదటి వారంతో పోల్చండి. రాత్రి లేచే సార్లు తగ్గాయా? నిలబడినప్పుడు బీపీ పడటం 20 లోపుకు వచ్చిందా? దిండ్లు పెరగలేదు కదా? పడుకునే ముందు షుగర్ డాక్టరు రాసిన హద్దుల్లో ఎన్ని రాత్రులు ఉంది? ఒక్కసారైనా తూలి గోడ పట్టుకున్నారా? చివరి ప్రశ్న వాళ్లను నేరుగా అడిగితే లేదంటారు. గోడ మీద చేతి మరకలు, మోచేతి మీద కమిలిన మచ్చలు చూడండి.

కొలతలు మారకపోతే మళ్లీ 1వ మెట్టుకే వెళ్లండి, ఎందుకంటే ఈ నెలలో ఎవరో ఒక డాక్టరు కొత్త మాత్ర చేర్చి ఉండవచ్చు. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన ప్రతిసారీ, మంచం గానీ గది గానీ మార్చిన ప్రతిసారీ మొదటి మెట్టు, ఆరో మెట్టు, బెల్లు పరీక్ష ఆ రాత్రే చేయండి. బెల్లులో బ్యాటరీ కూడా అప్పుడే మార్చేయండి.